మామగారి రాగి తూటా

మా మామగారు పోయారు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి, ఫ్యాను కింద నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. నేనప్పుడు హైటెక్ సిటీలో ఆఫీసులో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "నాయిన పోయిండు" అని ఆగిపోయాడు. నేను "అన్నం తిన్నారా?" అని అడిగాను. "తిన్నడు. పెరుగు రెండోసారి ఏయించుకున్నడు" అన్నాడు. ఆ మాట వినగానే, తప్పుగా అనుకోకండి, ఏడుపు కన్నా ముందు నాకు ఒక నిట్టూర్పు వచ్చింది. అమ్మయ్య అన్నట్టుగా వచ్చింది.

ఆయనకు చావంటే పెద్ద భయమేమీ ఉండేది కాదు. ఆస్పత్రి అంటేనే భయం. "బిడ్డా, దవాఖానల గొట్టాలు పెట్టి పండబెట్టకుండ్రి. అడివి జంతువుకు గూడ గట్ల చెయ్యరు" అని నాతో ఎన్నోసార్లు అన్నారు. గుండెజబ్బు బయటపడ్డ తర్వాత ఆ మాట మరీ ఎక్కువైంది. చివరికి ఆయన కోరుకున్నట్టే వెళ్లారు. మాకు దుఃఖం ఉంది, దానితోపాటు కాస్త తేలిక కూడా ఉంది. ఈ నాలుగు మాటలూ ఆ తేలికలోనే రాస్తున్నాను.

పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది, కాఫీ తాగి లేచేటప్పుడు, "మరి ఆ తుపాకీ ఏం చేస్తారు?" అని అడిగి వెళ్లారు. మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆయన తుపాకీ తాత. అలాగని పులుల్ని కొట్టి ఫొటోలు దిగిన వేటగాడేమీ కాదు. చేలల్లో పడి పంట తవ్విపోసే అడవిపందుల్ని, అనుమతి ఉన్నప్పుడు మాత్రమే కొట్టే లైసెన్సున్న షూటరు. వికారాబాదు వైపు ఊళ్లలో మక్క కంకి పాలు పోసుకునే వేళకు పందుల బెడద మొదలవుతుంది. రైతులు అర్జీ పెట్టుకుంటారు, అటవీశాఖ వాళ్లు సరేనంటారు, అప్పుడు ఆయనకు కబురు వస్తుంది. చచ్చిన పందిని వాళ్ల ఎదుటే గొయ్యి తీసి పూడ్చాలి. మాంసం ఎవరూ ముట్టకూడదు. ఆయన ఇంటికి తెచ్చేది నాలుగు మక్క కంకులే.

నేను పుట్టింది భీమవరం దగ్గర, పెరిగింది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో. మామగారిది ఇక్కడి ఊరే. మా ఆఫీసు అద్దాల బిల్డింగు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా "నువ్వు కూసునే కాడ మా అయ్య కంది ఏసేటోడు. మంచిగ కాసేది. ఇప్పుడేం కాస్తున్నది?" అని అడిగి నన్ను ఏడిపించేవారు. పెళ్లిచూపులప్పుడు ఇంట్లో తుపాకీ ఉందని తెలిసి మా అమ్మ సంబంధం వద్దనుకుంది. దానికాయన, "చెల్లెమ్మా, తుపాకి బీరువల ఉంటది, నేను కుర్సీల ఉంట. ఇద్దరం ఊకె లేసేటోళ్లం కాదు" అన్నారట. అమ్మకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక ఇంక వద్దనడం ఎలా?

అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. కాబట్టి కాపురానికి వచ్చిన నాకు ఆ ఇంట్లో పోపుల డబ్బా ఎక్కడుందో చూపించింది మామగారే. చారులో బెల్లం వేస్తే మాత్రం ముఖం చిట్లించేవారు. "గిది చారా, పాయసమా?" అనేవారు. అనేసి రెండు గ్లాసులు తాగేవారు.

ఆయన దగ్గర నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "తప్పిపోయిన పందితోటి ఫికర్ లేదు. దెబ్బ తాకి పోయిన పందే మనల్ని నిద్ర పోనియ్యది." ఒకసారి ఆయన కొట్టిన పంది గాయంతో పత్తిచేనులోకి పోయిందట. తెల్లారి పత్తి ఏరడానికి ఆడవాళ్లు బయల్దేరి వచ్చారు. ఈయన గట్టు మీద అడ్డంగా నిలబడి ఒక్కరినీ దిగనివ్వలేదు. కూలి పోతుందని వాళ్లు తిట్టారు. తిట్టించుకుంటూ అలాగే నిలబడి, పంది దొరికిన తర్వాతే పక్కకు జరిగారు. ఆ తిట్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మంచి హుషారుగా ఉన్నప్పుడు అప్పజెప్పేవారు కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పాపకు మూడేళ్లప్పుడు ఒంట్లో బాగుండేది కాదు. తిండి తినదు, కడుపునొప్పి అంటుంది, ఊరికే చిరచిరలాడుతుంది, ముఖం పాలిపోయింది. పిల్లల డాక్టరు రక్తపరీక్షలు రాశాడు. రిపోర్టు చూసి, రక్తంలో సీసం ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉందన్నాడు. ఇలాగే సాగితే చదువు మీదా తెలివి మీదా దెబ్బ పడుతుందన్నాడు. 

డాక్టరు ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాడు. గోడలకు పాత రంగులున్నాయా? కాటుక పెడతారా? బ్యాటరీల పనేమైనా చేస్తారా? కళాయి పూసిన గిన్నెల్లో వండుతారా? "ఇంట్లో ఎవరైనా సీసంతో పని చేస్తారా?" అని కూడా అడిగాడు. మామగారు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. పాప ఆయన ఒళ్లో కూర్చుని ఆయన చొక్కా కాలరు నములుతోంది. అది దానికి అలవాటు. తాత ఎక్కడి నుంచి వచ్చినా ఎగిరి చంకెక్కి కాలరు నోట్లో పెట్టుకునేది. వారం వారం ఆయన తూటాల పొగ కమ్ముకునే నాలుగ్గోడల షూటింగ్ రేంజికి వెళ్లి, అక్కడిచ్చే తూటాలతో సాధన చేసేవారు. ఆ చొక్కాతోనే ఇంటికొచ్చేవారు. డాక్టరు ప్రశ్న పూర్తయ్యేసరికి ఆయన పాపను మెల్లగా లేపి నా ఒళ్లో కూర్చోబెట్టారు. "నేనే సారూ" అన్నారు.

తూటా సీసం. పేల్చిన ప్రతిసారీ కంటికి కనపడని పొడి చేతుల మీద, బట్టల మీద పడుతుంది. డాక్టరు కాదనలేదు. ఇదే కారణమని ఖాయంగానూ చెప్పలేదు. కారణం కావచ్చనుకున్న ప్రతిదాన్నీ ఇంట్లోంచి తీసేసి, కొన్నాళ్లాగి మళ్లీ పరీక్ష చేయించమన్నాడు.

ఆ సాయంత్రం మా అమ్మ కూకట్‌పల్లి నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. వస్తూ వస్తూనే మొదలుపెట్టింది. "అన్నయ్యగారండీ, ఇది మీ తూటాల వల్ల కాదు. నా ఇత్తడి గిన్నె వల్లేనండి. కిందటి యేడు కళాయి వేయించి మీ ఇంటికి పంపాను. తగరంలో సీసం కలిపేస్తున్నారటండి ఈమధ్య. చింతపండు పులుపు తగిలితే చారులోకి దిగుతుందట. రోజూ పిల్లకి ఆ చారన్నమే కదండీ పెట్టేది!"

"ఊకో చెల్లెమ్మా. గిన్నె ఏం జేసింది? నా అంగీ నమిలింది పిల్ల. నాదే తప్పు."

"మీరలా అనకండి. తప్పు నాది."

"నాది అంటున్న గద!"

ఇలా అరగంట. లోకంలో వియ్యపువాళ్లు తప్పు మీదంటే మీదని కొట్టుకుంటారు. మావాళ్లు నాదంటే నాదని గొంతులు పెంచుకున్నారు. ఆ గొడవ విని మా ఆయన వంటింట్లోకి వెళ్లి, ఇత్తడి గిన్నెను సంచిలో వేసి, అటక మీద పారేసి వచ్చాడు. నేను మధ్యలో కూర్చుని ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. అలవాటు కొద్దీ ఆ మాట పైకి అనేశాను. మామగారు నా వైపు తిరిగి, "గది ఆఫీసుల బిడ్డా. పిల్ల మీద టెస్టింగులు చేస్తమా? రెండూ ఇయ్యాల్నే బంద్" అన్నారు.  బీరువా తాళం మా ఆయన చేతిలో పెట్టేశారు.

తుపాకీ అలాగే బీరువాలో ఉండిపోయేదేమో. కానీ వానాకాలం పంట ఎదిగింది. వికారాబాదు వైపు ఒక రైతు, ఈయనకు పాత దోస్తు, ఫోన్ మీద ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఈయన "వస్తలేను, ఇడిచిపెట్టిన" అంటున్నారు. అటు నుంచి గట్టిగా వినిపిస్తోంది, "నువ్వు రాకుంటే మావోళ్లు చేను సుట్టు కరెంటు తీగ పెడ్తమంటున్నరన్నా. పోయినసారి గట్లనే పక్కూరోడు ఎద్దుల తోలుకొస్తుంటె తీగ తాకి సచ్చిండు, యాదిలేదా?" ఫోన్ పెట్టేశాక మామగారు చాలాసేపు బాల్కనీలో నిలబడి ముంబై హైవే మీద బస్సుల్ని చూస్తూ ఉండిపోయారు. వెళ్తే ఇంట్లో పిల్లకు ముప్పు. వెళ్లకపోతే అక్కడ ఎవరి ప్రాణానికో ముప్పు. ఆయన అంత పరేషాన్‌గా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"సీసం లేని తూటాలు ఉండవాండీ మామయ్యగారూ?" అని అడిగాను.

"సీసం లేని తూటనా? ఉప్పులేని ఆవకాయ లెక్కనా?" అని నవ్వారు. ఆవకాయ అన్నది నన్ను ఏడిపించడానికే.

ఉన్నాయి. వెతికితే దొరికింది. మొత్తం రాగితో చేసిన తూటాలు. కొన్ని దేశాల్లో పెద్ద జంతువుల వేటకు వాటినే వాడుతున్నారు, ఎందుకంటే సీసపు తూటా జంతువు ఒంట్లో ముక్కలు ముక్కలై మాంసంలో కలిసిపోతుంది, రాగిది పువ్వులా విచ్చుకుని ఒక్క ముక్కగానే ఉంటుంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అన్నీ చదివించుకున్నారు. పేల్చే మందులో కాస్త సీసం ఉంటుందని, కాబట్టి రాగి తూటా వాడినా స్నానం తప్పదని కూడా చదివాను. "స్నానం జేస్త, బట్టలు వేరె బకిట్ల ఏస్త, గా పొగ రేంజికి పోను, బయట మైదానంల ఉన్న రేంజికి పోత" అని తనకు తానే కట్టుబాట్లు పెట్టుకున్నారు. మర్నాడే తనకు తెలిసిన ఆయుధాల దుకాణానికి వెళ్లి, దిగుమతి తూటాలు తెప్పించమని చెప్పి వచ్చారు. అవి రావడానికి నెలలు పట్టింది. ఆ సీజనుకు ఇంకొక షూటరును బతిమాలి ఆ ఊరికి పంపారు.

తూటాలు వచ్చాయి. ఇక్కడే మామగారు పప్పులో కాలేశారు. తూటా బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఆయన ఇన్నేళ్లూ తన థర్టీ నాట్ సిక్స్ రైఫిల్లో వాడిన సీసపు తూటా నూట ఎనభై గ్రెయిన్లు. రాగిదీ అదే బరువున్నది తెప్పించారు. "పెద్ద జంతువుకు బరువున్న తూటనే. మా అయ్య చెప్పిండు" అన్నారు. రాగి సీసం కన్నా తేలిక, అదే బరువు రావాలంటే తూటా పొడుగవుతుంది, రాగి విచ్చుకోవాలంటే వేగం కావాలి, అందుకని ఒక మెట్టు తేలికది ఎంచుకోమంటున్నారని నేను చెప్పాను. ఆయన వినలేదు. "నువ్వు కంప్యూటర్ల చదివినవ్. నేను చేన్ల చూసిన" అన్నారు. ఇంక నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకున్నాను గానీ టెస్ట్ చేయకుండా నేను దేన్నీ బయటకు వదలను.

పాత దినపత్రికలు కట్టలు కట్టి రాత్రంతా బకెట్లలో నానబెట్టాను. తడి కాగితాల కట్ట జంతువు ఒంటికి దగ్గరగా ఉంటుందట. రెండు బాత్రూముల్లోనూ బకెట్లే. మా ఆయన ఆరోజు చెంబుతో స్నానం చేశాడు. ఆదివారం పొద్దున్నే ఆ కట్టల్ని డిక్కీలో వేసుకుని మామగారూ నేనూ ఊరి బయట రేంజికి వెళ్లాం. రేంజి ఆయన "ఇదేంది సార్, పేపర్లమ్మడానికి వచ్చిన్రా?" అని నవ్వాడు. మామగారు ఆయన్ని పక్కకు తీసుకెళ్లి ఏం చెప్పారో తెలియదు, ఒప్పుకున్నాడు.

ముందు పాత సీసపు తూటా ఒకటి కాల్చారు. తర్వాత రాగిది ఒకటి కట్ట మీద, ఇంకో నాలుగు గురి కాగితం మీద. కట్టలు విప్పి కింద పరుచుకుని, ఇద్దరం ఒక్కొక్క కాగితమే తిప్పాం. సీసపు తూటా వెళ్లిన కట్టలో, చిల్లుకు జానెడు దూరంలో కూడా బూడిదరంగు రవ్వలున్నాయి. సినిమా పేజీలోనూ ఉన్నాయి, పెళ్లి ప్రకటనల్లోనూ ఉన్నాయి. మామగారు ఒక రవ్వను గోటితో గీకి చూశారు. ఆయన చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

"మేం పూడ్చినంక కుక్కలు తవ్వుకుంటయి బిడ్డా" అన్నారు. "ఇన్నేండ్ల సంది తవ్వుకుంటనే ఉన్నయి."

 నేను రాగి తూటా కట్ట కాగితాలు తిప్పితే ఒక్క రవ్వ కూడా లేదు. పూర్తిగా సంతోషపడకముందే తూటా దొరికింది. సగమే విచ్చుకుంది. దూరం ఎక్కువయ్యేసరికి వేగం చాలక మేకులా దూసుకుపోయింది. పంది ఒంట్లో ఇలాగే పోతే? దెబ్బ తాకి, చావక, చేనులోకి పారిపోయే పంది. ఆయనకు ప్రపంచంలో అన్నిటికన్నా అసహ్యమైనది అదే. పైగా గురి కాగితం మీద కాల్చినవి గురి పెట్టిన చోట కాకుండా చెదిరి పడ్డాయి.

ఇంకొకరైతే "అందుకే మా సీసమే మేలు" అనేవారు. మామగారు తూటాను అరచేతిలో దొర్లించి, "మా అయ్య చెప్పింది సీసం ముచ్చట. రాగి ముచ్చట ఆయనకేం తెల్సు? నాకూ తెల్వదు. తెల్వకుంటె తెల్వదనాలె" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "నువ్వు చెప్తనే ఉన్నవ్, నేనే ఇనలే. తేలికది తెప్పిద్దాం" అన్నారు. మా ఆఫీసులో నాకు ఇప్పటివరకు ఏ మేనేజరూ ఈ మాట చెప్పలేదు.

ఈసారి నూట యాభై గ్రెయిన్లవి తెప్పించారు. రైఫిల్ గొట్టంలో ఏళ్ల తరబడి పేరుకుని గురిని చెదరగొట్టే పాత మడ్డిని బాల్కనీలో కాదు, రేంజిలోనే, చేతికి తొడుగులు వేసుకుని, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచారు. లైసెన్సు మీద ఏడాదికి ఇన్నే తూటాలని లెక్క ఉంటుంది కాబట్టి ఒక్కొక్కటీ ఆలోచించి కాల్చారు. తూటాలు దగ్గర దగ్గరగా పడ్డాయి. తడి కట్టలో దొరికిన తూటా నాలుగు రేకులుగా విచ్చుకుని ఉంది. ఎంత దూరం దాటితే సరిగా విచ్చుకోదో కూడా చూసుకుని, ఆ దూరం దాటి కాల్చనని అక్కడే నిర్ణయించుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు దారిలో మిర్చి బజ్జీలు కొనిపెట్టారు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాకే పొట్లం విప్పనిచ్చారు.

మక్క చేలకు మళ్లీ పందులు వచ్చాయి. అనుమతి వచ్చింది. "వస్తవా బిడ్డా? నీ టెస్టింగు ఆఖరుది ఉన్నది" అన్నారు. నాకు జంతువు చావడం చూడాలని లేదు. కానీ సగం పని చేసి చేతులు దులుపుకోవడం అంతకన్నా ఇష్టం లేదు. వెళ్లాను.

పొద్దు వాలుతోంది. మామగారు, ఆయన దోస్తు రైతు, అటవీశాఖ మనిషి, నేను గట్టు వెనక కూర్చున్నాం. పందులు అవతలి అంచున బయటికి వచ్చాయి. రైతు ఆయన భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. "కొట్టన్నా! పోతున్నయ్! ఇంతకన్న దూరంల కొట్టలేదా నువ్వు?"

"కొట్టిన. గది వేరే తూట. జర ఊకో."

అవి వెళ్లిపోయాయి. రైతు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు.  ఈ రాగి మాట ఎత్తింది నేనే కదా! చాలాసేపటి తర్వాత ఒక పెద్ద పంది ఒక్కటే, చేనుకు ఇవతల, దగ్గరగా వచ్చింది. మామగారు ఊపిరి బిగబట్టి కాల్చారు. పంది పడలేదు. ఒక్క గెంతు గెంతి మక్కల్లోకి దూరి మాయమైంది.

 మామగారు రైఫిల్ గట్టు మీద ఆనించి అలాగే కూర్చున్నారు.  దెబ్బ తాకిన పంది లోపలుంటే వెంటనే వెళ్లకూడదు, కాసేపు ఆగాలి. ఆ కాసేపటిలో నేను మొక్కని దేవుడు లేడు. తర్వాత ఆయన రైఫిల్ తీసుకుని లేచి, మమ్మల్ని అక్కడే ఉండమని, ఒక్కరే లోపలికి వెళ్లారు. మక్క ఆకులు గలగలమన్నాయి. ఆగిపోయాయి.

"పోయింది!" అని కేక వినిపించింది. "ఈన్నే ఉన్నది! ఎక్కువ తిప్పల పడలే!"

పరుగెత్తి వెళ్లాం. చేను అంచు నుంచి లోపలికి ఎంతో దూరం లేదు. మామగారు దాని పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. కళ్లలో నీళ్లు. చెమట అన్నారు. గొయ్యి తీసి పూడుస్తుంటే ఊరి కుక్కలు అప్పుడే దూరంగా చేరాయి. వాటిని ఎప్పుడూ రాళ్లు విసిరి తరిమే మనిషి ఆరోజు చెయ్యి ఎత్తలేదు. "తవ్వినా సరే ఇగ" అని నవ్వారు. ఆ సీజన్లో ఆ ఊళ్లో ఎవరూ కరెంటు తీగ పెట్టలేదు.

ఇప్పుడు ఆ రైఫిల్ పోలీస్ స్టేషన్లో ఉంది. మా ఆయనకు లైసెన్సు మీద ఆసక్తి లేదు, నిబంధన ప్రకారం అప్పజెప్పి వచ్చాడు. మిగిలిన రాగి తూటాలు కూడా వెళ్లిపోయాయి. ఆ దోస్తు రైతు పదో రోజుకు వచ్చి, మామగారు నేర్పిన ఇద్దరు కుర్ర షూటర్లు ఇప్పుడు రాగివే తెప్పించుకుంటున్నారని చెప్పి వెళ్లాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పాప రక్తంలోకి సీసం తూటాల నుంచి వచ్చిందా, గిన్నె నుంచి వచ్చిందా అన్నది మాకు ఈరోజుకీ తెలియదు. రెండూ ఒకేసారి ఆపేశాం కాబట్టి ఇంక తెలియదు కూడా. అమ్మ ఇప్పటికీ తన గిన్నే అంటుంది. వాదించడానికి అవతల మనిషి లేడు కాబట్టి ఇప్పుడు కాస్త మెల్లగా అంటుంది. టెస్టర్‌గా నాకు అది ఓటమి. తల్లిగా, మా ఇంట్లో ఎవరి మీదా నింద పడలేదన్న నెమ్మది. ఆ నెమ్మది మామగారు ఇచ్చిందే. తప్పు తనదని అంత తొందరగా ఒప్పేసుకున్నారు కాబట్టే, ఎవరిదని వెతకాల్సిన పని మాకెవరికీ లేకుండా పోయింది.

మీకు ఒక్క రోజు సంగతి చెప్పి ముగిస్తాను. డాక్టరు గదిలో పాపను నా ఒళ్లోకి మార్చిన నాటి నుంచి ఆయన దాన్ని ఎత్తుకోలేదు. స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకున్నా ఎత్తుకోలేదు. రేంజికి వెళ్లని రోజుల్లో కూడా ఎత్తుకోలేదు. పాప చేతులు చాస్తే "మోకాళ్లు నొస్తున్నయ్ బిడ్డా" అని బాల్కనీలోకి వెళ్లిపోయేవారు. దూరంగా కూర్చుని కథలు మాత్రం చెప్పేవారు. నేను "ఫరవాలేదండీ" అన్నా వినలేదు. రిపోర్టు వచ్చినంక చూద్దామనేవారు. ఒక రిపోర్టులో కొంచెం తగ్గింది. చాలదన్నారు.

ఆ తర్వాతిది వచ్చిన రోజు నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఆయన అప్పుడే స్నానం చేసి, తెల్ల బనీను, లుంగీతో హాల్లోకి వచ్చారు. నా ఫోన్లో ల్యాబ్ నుంచి మెసేజ్ మోగింది. నేను తెరిచి చదువుతుండగానే పాప లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చి, ఆయన తప్పించుకునే లోపు రెండు కాళ్లనూ వాటేసుకుంది. ఆయన చటుక్కున రెండు చేతులూ పైకెత్తేశారు. పోలీసులు తుపాకీ గురిపెడితే మనిషి ఎత్తినట్టు ఎత్తి, కదలకుండా, దిక్కులేనట్టు నా వైపు చూశారు.

"తగ్గిందండీ మామయ్యగారూ" అన్నాను. "ఉండాల్సినంతకు దిగిపోయింది."

"ఇంకోపారి చదువు."

మళ్లీ చదివాను.   ఆయన కుడి చెయ్యి కొంచెం కొంచెంగా దిగి, పాప తల మీద ఆనీ ఆననట్టుగా ఆగింది. ఎడమ చెయ్యి మాత్రం చాలాసేపు అలా పైనే ఉండిపోయింది.